పూలపందెపు రాగికెటిలు



గ్రంథాలయ రజతోత్సవమునాడు నీళ్లు కాచుకొను పాత్రను గూర్చిన ఉపన్యాసమేమని కొందఱికి వింతగా తోపవచ్చును. ఆ పాత్ర బంగారుది కాదు, వెండిదియు కాదు, రాగిది. ఇంగ్లండు దేశమున లాంకషైరు మండలమందలి పల్లెలలో 18వ శతాబ్ది చివరనుండి 19వ శతాబ్ది నడుమవఱకు పూలపందెమున గెలిచినవానికి ఇచ్చుచు వచ్చిన మొదటి బహుమాన మది. మన కొమ్ముచెంబునకు పైన పిడియు మూతయు అమర్చినచో ఎట్లుండునో అట్లుండును. పందెమునకు ముందు దానిని తళతళలాడునట్లు తోమి, ఆ యూరి పానశాల గుమ్మము ముందర వ్రేలాడదీసెడివారు. పనికి పోవువారును, పనినుండి మరలువారును దానిని చూచుచునే పోవలెను. ఎవని యింటి పొయ్యిమీదికి అది చేరునో పందెమునాటివఱకు ఎవరును ఎఱుగరు.

ఈ కెటిలు చరిత్రమున మగ్గము, తోట, పుస్తకము అను మూడును ఒక్కచోట చేరియున్నవి. కావున గ్రంథాలయసభకు ఇది తగని విషయము కాదు.

ఇప్పుడు ఇంగ్లీషున ఫ్లోరిస్టు అనగా పూలమ్మువాడు. 17, 18 శతాబ్దులలో ఆ మాట కర్థము వేఱు. అమ్మకమునకు గాక, ఒక్కొక్క పువ్వును దాని జాతికి సాధ్యమైనంత నిండుదనమునకు తెచ్చుటయే వ్రతముగా పెంచెడివానికి ఆ పేరు చెల్లెడిది. వారు చేపట్టిన పూజాతులు ముఖ్యముగా ఎనిమిది: అరిక్యులా, పోలియాంథస్, హయసింత్, ఎనిమోన్, రనన్‌క్యులస్, ట్యూలిప్, కార్నేషన్, పింక్. తక్కినవి ఎంత సొగసుగా నున్నను పందెమునకు రావు. గులాబికి సైతము మొదట ఈ పంక్తిలో చోటు లేకుండెను. ఆలంకారికులు కావ్యమునకు లక్షణములు విధించినట్లు, వీరును పువ్వునకు లక్షణములు విధించి, ఆ లక్షణముల చొప్పున దోషగుణములను విచారించెడివారు.

ఈ పూలప్రియులు కూడి విందు చేసికొనుట చాల పాత యాచారము. నార్విచ్ నగరమున 1631 మే 3వ తేదీన జరిగిన పూలవిందులో రాల్ఫ్ నెవెట్ అను కవి రచించిన ‘రోడన్ అండ్ ఐరిస్’ అను నాటకమును ప్రదర్శించిరి. అనగా ఆ నాటికే పూలపెంపకందారులకు సంఘమును, ఉత్సవమును కలవు. అయితే అవి కలిగినవారి వేడుకలు. 18వ శతాబ్దిలో పూలవిందు పూలపందెముగా మాఱినది. పూటకూళ్ల యింట భోజనపు బల్లమీద పూవులనుంచి, ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి అందించుకొనుచు గుణము నిర్ణయించెడివారు. వెండి చెంచాలు, గరిటెలు మొదలగునవి బహుమానములు. ఆ శతాబ్ది చివఱకు ఈ విద్య దొరల తోటలు దాటి పనివారి పెరళ్లలోనికి దిగినది. అట్లు దిగినప్పుడే బహుమానమును వెండినుండి రాగికి దిగినది. దిగినదన్న మాట లోహమునకే చెల్లును. విద్య మాత్రము దిగలేదు, పైకెక్కినది.

లాంకషైరు నేతగాండ్రు అన్నిటికంటె మిక్కిలి మక్కువతో పెంచినది అరిక్యులా. ఇది ఆల్ప్స్ పర్వతములయందలి మొక్క. ఆకు రూపమునుబట్టి దీనికి లాటిను భాషలో ఎలుగుబంటి చెవి యను పేరు వచ్చినది. క్లూసియస్ అను ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు 1570-80 నడుమ వియన్నాలో నున్నప్పుడు దీనిని పెంచెను. పరదేశమునుండి పాఱివచ్చిన నేతవారు దీనిని ఇంగ్లండునకు తెచ్చిరని ఒక కథ ప్రచారమున నున్నది గాని, దానికి ఆధారములు కనబడవు. కథ అందముగా నున్నదని చరిత్రయనరాదు.

పందెపు అరిక్యులా ఎట్లుండవలెనో వినుడు. ఒక కాడపై గుత్తిగా పలు పూవులుండును. ఒక్కొక్క పూవు పళ్లెమువలె చదునుగా నుండవలెను. నట్టనడుమ బంగారువన్నె గొట్టము. దానిచుట్టును తెల్లని పిండి మెత్తినట్లు ఒక వలయము. దానిపై నలుపో, ముదురెఱుపో అయిన రంగు. అన్నిటికి వెలుపల ఆకుపచ్చని గాని, బూడిదవన్నె గాని, తెల్లని గాని అంచు. ఈ వలయములన్నియు గుండ్రముగా, వెడల్పున ఒకదానికొకటి పొందికగా నుండవలెను. ఆ తెల్లని పిండిమీద ఒక్క వానచినుకు పడెనా, యేడాది శ్రమ వ్యర్థము!

మఱియొక నియమము. గొట్టమునందు కేసరములు పైకి కనబడు పూవు పందెమునకు వచ్చును. కీలము గుండుసూది తలవలె పైకి పొడుచుకొనివచ్చిన పూవును ముట్టనైన ముట్టరు. మొదటిదానిని వారు ‘థ్రమ్’ కన్ను అనిరి. థ్రమ్ అనునది మగ్గపు మాట. నేసిన బట్టను కోసి తీసిన పిదప మగ్గమున మిగిలియుండు పడుగుపోగుల కొసలకు ఇంగ్లీషు నేతవారు పెట్టుకొన్న పేరది. పూవు గొట్టములోనికి తొంగి చూచిన నేతగానికి తన మగ్గపు పోగులే కనబడినవి! తరువాత చార్లెస్ డార్విన్ ఈ జాతి పూవులలో రెండు రూపములుండుటకు కారణమేమని పరిశోధించి 1862లో ఒక వ్యాసము ప్రకటించెను. రెండు రూపములు పరస్పరము పరాగమును ఇచ్చిపుచ్చుకొనుటకై యేర్పడినవని ఆయన నిరూపించినాడు. ఆ భేదమును పూలపందెగాండ్రు అంతకు ముందే కనిపెట్టి పేర్లు పెట్టియుండిరి. కారణము మాత్రము వారికి తెలియదు.

ఈ మొక్క నేతగానికే అనుకూలమగుటకు హేతువున్నది. అతని మగ్గము ఇంటిలోనే యుండెడిది. నాడె ఆపి గడప దాటినచో పెరడు. ఎండ ముదిరెనా, కుండీలను నీడకు జరుపును. మబ్బు పట్టెనా, పైన మూత వేయును. మరల వచ్చి మగ్గమున కూర్చుండును. పోయిన కాలమును రాత్రి దీపముపెట్టుకొని పూరించుకొనును. దినమునకు పదిమార్లు చూడవలసిన మొక్కను, దినమునకు పదిమార్లు పనినుండి లేవగలిగినవాడే పెంచగలడు. పైగా పడుగు పేకలలో ఒక్క పోగు తప్పినను పట్టుకొను కన్ను, పూవు అంచున వెండ్రుకవాసి వంకరనైనను పట్టుకొనక మానదు.

ఎరువుల విషయమున వారి యాచారములు హాస్యాస్పదములుగా కూడ నుండెడివి. 19వ శతాబ్ది ఆరంభమున ఐజాక్ ఎమర్టన్ అనునతడు అరిక్యులా పెంపకముపై వ్రాసిన గ్రంథమున బాతుపెంటను ఎద్దునెత్తురులో నానబెట్టవలెననియు, చక్కెర బట్టీలనుండి వచ్చు మడ్డిని కలుపవలెననియు, ఆ మిశ్రమమును ఏండ్ల తరబడి మాగవేయవలెననియు విధించెను. పాపము, ఆ మొక్క పర్వతముల రాతిసందులలో పుట్టినది. దానికి ఇంత విందు అక్కఱలేదు. ఈ ఎరువులచే బ్రదికిన మొక్కలకంటె చచ్చిన మొక్కలే యెక్కువై యుండునని తోటపని తెలిసినవారు ఊహింపవచ్చును.

నేతగాని పూలమోహమును జార్జి క్రాబ్ అను ఆంగ్లకవి 1810లో ప్రకటించిన ‘ది బరో’ అను కావ్యమున వర్ణించినాడు. నవ్వుచునే వర్ణించినను అందు గౌరవ మున్నది. ఒక్క పారిజాతము కొఱకు ద్వారకలో ఎంత కలహము పుట్టినదో నంది తిమ్మన వలన ఎఱిగిన తెలుగువారికి, పూవుకై మనుష్యుడు పంతము పట్టుట వెఱ్ఱియని తోచదు.

ఇక బహుమానముగా కెటిలునే యేల యేర్పఱచిరి? తేయాకు పానీయము ఆ కాలమున పేదల యింట ప్రవేశించుచుండెను. 1784లో ఇంగ్లండు ప్రభుత్వము తేయాకుపై సుంకమును నూటికి 119 వంతులనుండి 12½ వంతులకు తగ్గించెను. దానితో దొరల పానీయము కూలివాని పానీయమైనది. తేయాకు కలదు, కాచుకొనుటకు మంచి పాత్ర లేదు. రాగికెటిలు ఒక్కమాఱుగా సొమ్ము పెట్టి కొనుటకు నేతగానికి శక్తి చాలదు. సంఘమువారందఱును పెన్నీల చొప్పున చందా వేసికొనెడివారు. పానశాల యజమానుడును తన వ్యాపారము కలిసివచ్చుటకై తోడ్పడెడివాడు. గెలిచినవాని భార్యకు ఆ పూవు అంచు ఆకుపచ్చనో బూడిదవన్నెయో పట్టకపోవచ్చును గాని, కెటిలు మాత్రము పట్టును. మగడు పెరటిలో గడపిన గంటలకు ఇల్లాలికి చూపదగిన లెక్క అది.

తరువాతి కాలమున వచ్చిన వెండికప్పులకును దీనికిని గల భేదము గమనింపదగినది. పందెపు కప్పుమీద గెలిచినవాని పేరు చెక్కుదురు. ఒక యేడాది యింటనుంచుకొని మరల తెచ్చి యప్పగింపవలెను. దానిలో నీరు త్రాగరాదు, సొట్ట పడరాదు. కెటిలుమీద పేరు లేకున్నను అది వాని సొత్తు. దినదినము పొయ్యిమీద మసిబాఱి మనుమల కాలమువఱకు నిలుచును. గ్రామలెక్కల భాషలో చెప్పవలెనన్న కప్పు కౌలు, కెటిలు పట్టా.

పుస్తకములు ఈ కథలోనికి వచ్చు చోటు ఇది. అదే లాంకషైరు పల్లెలలో, అవే పానశాలలలో, వృక్షశాస్త్ర సంఘములును నడచుచుండెను. సభ్యులు నేతగాండ్రు, చెప్పులు కుట్టువారు, కూలివారు. ఆదివారమునాడు కూడుట. ఎవరు తెచ్చిన మొక్కలను వారు బల్లపై నుంచెడివారు. అధ్యక్షుడు ఒక్కొక్క మొక్కను చేత బట్టి దాని లాటిను నామము చెప్పి ప్రక్కవాని కందించును. అతడు మఱియొకని కందించును. మొక్కయు పేరును గదిచుట్టును తిరిగి వచ్చును. లాటినులో ఒక్క వాక్యమైన చదువలేనివారు వందలకొలది లాటిను నామములను నాలుకపై నిలుపుకొనిరి. వల్లెవేయుట యను పద్ధతిని ఇప్పటివారు ఎంత నిందించినను, పుస్తకము కొనలేనివానికి అది యొక్కటే ఆస్తి.

అయినను పుస్తకములను కొనిరి. నెలచందాలనుండి వృక్షశాస్త్ర గ్రంథములు కొని, పానశాలలోనే భద్రపఱచి, సభ్యులు వంతులవారీగా చదువుకొనెడివారు. ప్రెస్ట్‌విచ్ ప్రాంతమందలి జాన్ హార్స్‌ఫీల్డ్ (1792-1854) అను చేనేతగాడు లిన్నేయస్ ఏర్పఱచిన 24 వృక్షవర్గములను కాగితముపై వ్రాసి మగ్గపు గుంజకు తగిలించుకొని, నేయుచు కంఠస్థము చేసెను. చేయి నాడెమీద, కన్ను గుంజమీద. ఆయన సృష్టించిన డాఫొడిల్ జాతికి ఆయన పేరే నిలిచినది. అది ఇంగ్లండు తోటలన్నిటను వ్యాపించినది. రిచర్డ్ బక్స్‌టన్ (1786-1865) అను చెప్పులు కుట్టు పేదవాడు యౌవనము వచ్చువఱకు చదువ నేరక, తనంతట తాను అక్షరములు నేర్చి, మాంచెస్టరు చుట్టును 16 మైళ్లలోపల గల మొక్కలను గూర్చి 1849లో గ్రంథము ప్రకటించెను. ఎలిజబెత్ గాస్కెల్ 1848లో వ్రాసిన ‘మేరీ బార్టన్’ నవలలో మగ్గముపై న్యూటను గ్రంథమును తెఱచియుంచి నేయుచుండు నేతగాండ్రను పేర్కొన్నది. అది కవికల్పన కాదనుటకు హార్స్‌ఫీల్డ్ మగ్గపు గుంజయే సాక్ష్యము.

ఈ వైభవమునకు క్రింద నేల కోసుకొనిపోవుచుండెను. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో మరమగ్గమునకు పేటెంటు పొందినాడు. మొదట అది సరిగా సాగలేదు. 1820 ప్రాంతమున బ్రిటనునందు నూలుబట్ట నేయు చేతిమగ్గపువారు సుమారు 2,40,000 మంది యని గణకుల అంచనా. 1850 నాటికి వారి సంఖ్య సుమారు 43,000. ముప్పది యేండ్లలో ఆఱుగురిలో అయిదుగురు మగ్గము దిగిరి. దిగినవారి పిల్లలు మిల్లునకు పోయిరి. మిల్లు గంట మ్రోగిన పిదప మబ్బు పట్టెనని లేచిపోవుటకు వీలు లేదు. అరిక్యులా పిండిమీద చినుకు పడిన పడనిమ్ము! ఇది గాక మిల్లు గొట్టముల పొగ. పెరళ్లున్నచోట ఇండ్ల వరుసలు లేచినవి. పూర్వము పేరొందిన పూజాతులలో పెక్కింటికి నేడు పేరు మాత్రమే మిగిలినది. చూచుకొనువాడు లేక ఒక శీతకాలమున మొక్క పోయినచో, తాళపత్రపు ప్రతి కాలిపోయినట్లే; మరల దానిని తెచ్చుట యెవరి తరమును కాదు.

ఈ కథకును తెలుగునాటికిని ఒక నూలుపోగు సంబంధము కలదు. మచిలీబందరు మొదలగు కోరమండల తీరపు రేవులనుండి పోయిన పూల అద్దకపు బట్టలు 17వ శతాబ్దిలో ఇంగ్లండు స్త్రీల మనస్సులను దోచుకొన్నవి. దానితో తమ కూడు పోవుచున్నదని 1719లో లండను నేతగాండ్రు వీధులలో అద్దకపు బట్టలు ధరించిన స్త్రీలపై బడి వానిని చింపివేసిరి. 1721లో అట్టి బట్టల ధారణమును నిషేధించుచు శాసనము పుట్టెను. వారు లాంకషైరువారు కారు. అయినను మగ్గమునకు మగ్గము పగయైన కాల మది. పిమ్మట చక్రము తిరిగినది. నరసాపురము చెంత మాధవాయిపాలెమున నేసిన సన్నబట్టకు ఇంగ్లీషువారు ఆ యూరి పేరునే ‘మాడపోలం’ అని పెట్టిరి. 19వ శతాబ్దిలో లాంకషైరు మిల్లులు ఆ బట్టను తామే నేసి, ఆ పేరుతోనే అమ్మినవి. మన యూరి పేరు మోసికొని పరాయి మరల బట్ట మన యంగళ్లకు వచ్చినది. పూలకుండీ పట్టుకొన్న లాంకషైరు నేతగాని మగ్గమును మొదట ముంచిన మరయే తరువాత మన చేనేతవారిమీదికి వచ్చినదని మఱువరాదు. స్కాట్లండునందలి పెయిస్లీ నేతగాండ్రు ఒక ప్రక్క కాశ్మీరు శాలువలను అనుకరించి మన మామిడిపిందె బుటాను తమ యూరిపేరుగా లోకమునకు చాటిరి. మఱియొక ప్రక్క పింక్ పూవు రేకులమీద జరీ అంచువంటి గీతలను తీర్చి పందెములాడిరి. వారి చేత నేతయు పూవును ఒకే కళ.

1804లో లండనున స్థాపితమైన ఉద్యానసంఘము 1861లో రాజాదరణపు బిరుదు పొందినది. రైళ్లు వచ్చినవి, పల్లెపందెములు పట్టణపు ప్రదర్శనలైనవి, కప్పులు, పతకములు, ధనబహుమానములు వచ్చినవి. 1913లో మొదలైన చెల్సీ ప్రదర్శన నేడు జగత్ప్రసిద్ధము. ఆ ప్రదర్శనను నిందింపబనిలేదు. కాని అక్కడికి పోవువాడు చూచుటకు పోవును. కెటిలు వ్రేలాడిన పానశాలకు పోవువాడు తన కుండీని చంకనిడుకొని పోయెడివాడు.

రాగికెటిలు బహుమానముగా నున్న పందెము మఱియొకటి కలదు, గూస్‌బెరీ పందెము. మన నిఘంటువులు ఈ కాయను ఉసిరికయని అర్థము చెప్పుచున్నవి గాని, ఇది వేఱు కుటుంబపు పొద. దీనికి రూపము గాక బరువే గుణము. కాయ క్రింద నీళ్లసాసరు నుంచి కొస తడియునట్లు చేసి పెంచు నేర్పరులు కలరు. చెట్టునకు రెండు మూడు కాయలనే నిలిపి తక్కినవానిని త్రుంచివేయుదురు. ఈ పందెగాండ్రు ఏటేట ఒక రిజిస్టరు అచ్చువేసిరి. 1845వ సంవత్సరపు రిజిస్టరులో 171 ప్రదర్శనలు నమోదైనవి. డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథమున ఈ లెక్కలనే తీసికొనెను. అడవి కాయ 120 గ్రెయినులు. 1786 ప్రాంతమున 240. 1852లో ‘లండన్’ అను రకపు కాయ 895. తులమునకు 180 గ్రెయినుల చొప్పున కట్టినచో, ముప్పాతిక తులమైన తూగని కాయ ఇంచుమించు అయిదు తులములైనది. మనుష్యుడు ఏరి పెంచుటచే జీవజాతి ఎంత మాఱగలదో చెప్పుటకు ఆ మహాశాస్త్రజ్ఞునకు పనికివచ్చినది పనివారు పానశాలలలో తూచి వ్రాసిపెట్టుకొన్న పద్దు. ఆ తూనిక నమ్మకమైనది గనుకనే శాస్త్రమునకెక్కినది.

యార్క్‌షైరునందలి ఎగ్టన్ బ్రిడ్జి అను పల్లెలో 1800లో మొదలైన గూస్‌బెరీ పందెము నేటికిని ఆగస్టు నెల మొదటి మంగళవారమున జరుగుచున్నది. ప్రపంచమున అన్నిటికంటె బరువైనదిగా 2019లో నమోదైన కాయ 64.83 గ్రాములు తూగినది. పాతలెక్కన కట్టినచో వేయి గ్రెయినులు. మొదటి 66 ఏండ్లలో 655 గ్రెయినులు పెరిగిన కాయ, తరువాతి 167 ఏండ్లలో పెరిగినది 105 మాత్రమే.

పూలసంఘములలో వేక్‌ఫీల్డు ట్యూలిప్ సంఘము 1836 నాటిది. ప్రాత ఇంగ్లీషు ట్యూలిప్ సంఘములలో నిలిచియున్న దది యొక్కటే. మే నెలలో దాని ప్రదర్శన జరుగును. ప్రాత లక్షణముల ననుసరించి, రేకులపై మంటవలె లేచిన చారలుగల పూవులను అందు పోల్చి చూతురు. వానిని నిలుపునది గాజుకూజాలలో కాదు. పానశాలనుండి వచ్చిన గోధుమవన్నె బీరుసీసాలలో, ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క పూవు.